ఇప్పలగూడెంలో తెగని నాటకం

కృష్ణకుమారి ఆ రోజుకు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొద్దున్నే ఇప్పలగూడెంలో నాటకం వేయాలి. నాటకం అయ్యాక ఊరివాళ్లతో కాసేపు మాట్లాడించాలి. ఎండ ముదరకముందే సామాను పికప్‌లో వేసుకుని దోర్నపాల్ మీదుగా జగదల్‌పూర్ వెళ్లిపోవాలి. సాయంత్రం అక్కడి హాల్లో డెల్ఫిన్ గారి ముందు ఇదే నాటకం మళ్లీ వేయాలి.

"అయితది మేడమ్, ఎందుకు గాదు?" అన్నాడు పికప్ డ్రైవర్ సీతయ్య. సీతయ్య ఏ పనికైనా ముందు ఈ మాటే అంటాడు. ఎవరేం అడిగినా కాదనడం అతనికి చేతకాదు.

కృష్ణకుమారి కోంటా దగ్గర ఒక బడిలో పంతులమ్మ. సెలవు రోజుల్లో చిన్న నాటక బృందాన్ని వెంటేసుకుని ఊళ్లు తిరుగుతుంది. ఈ పిచ్చి ఆమెకు హైదరాబాద్‌లో ఒక శిక్షణ శిబిరంలో అంటుకుంది. అంటించినావిడ డెల్ఫిన్. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో నల్లజాతి వాళ్ల నాటక బృందం నడిపే పెద్దావిడ. "ఒకప్పుడు మా కథలు ఎవరెవరో రాసేవాళ్లు. మా వేషాలు కూడా మొహాలకు మసి పూసుకుని వాళ్లే వేసేవాళ్లు. చూసి నవ్వడం ఒక్కటే మాకు మిగిల్చారు. అందుకే మా కథ మేమే ఆడుకోవడం మొదలుపెట్టాం. చర్చిలో, మంగలి షాపులో, ఎక్కడ చోటుంటే అక్కడ. ఆట అయ్యాక ఎవర్నీ ఇంటికి పోనివ్వం. కూర్చుని మాట్లాడుకుంటాం. నాటకం సగమే, మాట్లాడుకోవడం మిగతా సగం" అని ఆవిడ చెప్పిన మాట కృష్ణకుమారి మనసులో నాటుకుపోయింది.

చిక్కల్లా ఆ మిగతా సగంతోనే వచ్చింది. రెండేళ్లుగా కృష్ణకుమారి ఎన్ని ఊళ్లు తిరిగినా నాటకం అయ్యాక ఒక్కరూ నోరు విప్పలేదు. "నాటకం ఎలా ఉంది? మీకేమనిపించింది?" అని ఆమె బతిమాలుతుంది. జనం మర్యాదగా చూస్తారు, మర్యాదగా లేచి వెళ్లిపోతారు. నాటకం మొదలయ్యే ముందు "దయచేసి ఎవరూ మాట్లాడవద్దు" అని మైకులో ప్రకటించేది కూడా ఆమే. ఆ మాటను జనం మరీ శ్రద్ధగా పాటిస్తున్నారని ఆమెకు తోచలేదు. ఈ రెండేళ్లలో ఆమెకు వచ్చిన ప్రశ్న ఒక్కటే. ఇదే ఇప్పలగూడెంలో ఒకాయన లేచి, ఈ టెంటు పెళ్లిళ్లకు కిరాయికిస్తారా అని అడిగాడు.

ఇప్పుడు ఆ డెల్ఫిన్ గారే నాటకం చూడటానికి వస్తోంది. హాల్లో ఆవిడ ముందు కూడా జనం ఇలాగే మూగనోము పడితే ఏం మొహం పెట్టుకోవాలి? ఆ బెంగతో కృష్ణకుమారికి వారం నుంచి అన్నం సయించలేదు. ఫోన్లో ఆవిడకే మొరపెట్టుకుంది.

"ఎలా ఉందని అడక్కు. అలా అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. గుండ్రంగా కూర్చోబెట్టు. చివరి దృశ్యం అలాగే నిలిపి ఉంచు. ఇప్పుడేం చేయాలో మీరే చెప్పండి అని అడుగు" అంది డెల్ఫిన్.

అందుకని జగదల్‌పూర్ పోయే ముందు ఇప్పలగూడెంలో ఒకసారి పరీక్షించుకుందామని కృష్ణకుమారి బయలుదేరింది. ఉత్త చేతులతో పోవద్దని సీతయ్య చెప్పడంతో ఊరి పెద్ద పొజ్జాకు ఒక పొగాకు కట్ట కూడా తీసుకెళ్లింది. పొజ్జా ఆ కట్టను అందుకుని, వాసన చూసి, చింతచెట్ల కింద నడిమధ్యలో నేల మీద పెట్టాడు. దాన్ని ఆయన ఎందుకు ఇంటికి పంపలేదో ఆమె ఆలోచించలేదు.

నాటకం చిన్నదే. ఒక రైతు ఇంట్లో చెప్పకుండా దుక్కిటెద్దును ఇచ్చేసి మోటార్ సైకిల్ తెచ్చుకుంటాడు. వానలు పడతాయి. బండి దున్నదు. భార్య మూట కట్టుకుని పుట్టింటి దారి పడుతుంది. దారి మధ్యలో ఆగుతుంది. ముందుకు పోవాలా, వెనక్కి రావాలా? అక్కడితో ఆట ఆగిపోతుంది. దోర్నపాల్‌లో మొబైల్ దుకాణంలో పనిచేసే నవీన్‌కుమార్ భర్త వేషం వేశాడు. అంగన్‌వాడీలో పనిచేసే మీనాది భార్య వేషం. మోటార్ సైకిల్ నవీన్‌కుమార్ బావది. బావకు చెప్పి తెచ్చాడా అంటే, చెప్పలేదు. ఎద్దుకు వేషం లేదు. దాని సంగతి మాటల్లోనే వస్తుంది.

కృష్ణకుమారికి నాటకంలో అబద్ధం గిట్టదు. మీనా నెత్తి మీది మూటలో నిజం గిన్నెలు, నిజం బియ్యం పెట్టించింది. "మాటలు అయ్యేదాకా అట్లనే నిలబడు, కదలకు" అని ముందే చెప్పి ఉంచింది.

ఆట ముగిసింది. జనం చింతచెట్ల కింద గుండ్రంగా కూర్చున్నారు. కృష్ణకుమారి గొంతు సవరించుకుని, "పెద్దలూ, అమ్మలూ! ఈ మొగుడూ పెళ్లాల తగువు మీ ముందే ఉంది. ఇప్పుడేం చేయాలో మీరే చెప్పండి" అంది.

ఎప్పటిలాగే జనం ఊరుకున్నారు. అప్పుడు పొజ్జా తలపాగా సర్దుకుని, "ఎద్దేది?" అన్నాడు.

రెండేళ్లకు ఒకరు నోరు విప్పినందుకు కృష్ణకుమారికి కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. "ఎద్దు లేదు పెద్దయ్యా. నాటకంలో ఉందనుకోవాలంతే."

"అనుకుంటే ఎట్ల బిడ్డా? ముసల్దో పడుచుదో చూడకుండ ఎవరిది తప్పని చెప్తం? ఓ బుధ్రా, నీ ఎద్దును తోలుకరా!"

బుధ్రా తన ఎద్దును తోలుకొచ్చి మధ్యలో నిలబెట్టాడు. నలుగురు లేచి దాని పళ్లు చూశారు. నడుం నొక్కారు. "ఇది ముసల్ది. పిలగాడు మంచిపనే జేసిండు" అని ఒకరన్నారు. బుధ్రాకు ఒళ్లు మండింది. "నా ఎద్దు ముసల్దా? నీ కండ్లు ముసల్వి!" అని లేచాడు. నాటకంలోని తగువు పక్కన అసలు తగువు ఒకటి పుట్టుకొచ్చింది.

కృష్ణకుమారి పొద్దు వంక చూసింది. అయినా ఆనందంగానే ఉంది. "చాలా బాగా మాట్లాడారు. మళ్లీ వచ్చినప్పుడు తప్పకుండా..." అంటూ చేతులు జోడించింది.

"మళ్లొచ్చుడేంది?" అన్నాడు పొజ్జా. "పొగాకు పెట్టినవ్. గుండ్రంగ కూసోబెట్టినవ్. మీరే చెప్పుండ్రి అన్నవ్. పంచాయితి పెట్టినట్టే గద. ఇగ తెగేదాక ఎవ్వరు లేవొద్దు."

"పెద్దయ్యా, ఇది నాటకం!"

"మాకు తెల్వదా? ఈ పిల్ల అంగన్‌వాడీల చేస్తది. ఈ పిలగాడు దోర్నపాల్ల సెల్‌ఫోన్ల దుకాణంల కూసుంటడు. నా ఫోను వీడే ఖరాబ్ చేసిండు. నాటకమైతేంది, తగువు తగువే గద. నలుగుర్ల పెట్టిన తగువు తెగకుంట ఇడిసిపోతే అది ఊర్లనే ఉంటది. రేపో మాపో ఎవరింట్లనో జొరబడ్తది. అప్పుడు నువ్వొచ్చి తెంపుతవా?"

ఇలాంటిది వస్తే ఏం చేయాలో డెల్ఫిన్ గారు చెప్పలేదు.

ఇక విచారణ సాగింది. నాటకంలో నవీన్‌కుమార్ ఒక్కచోట "మా అమ్మ కూడా సరేనంది" అంటాడు. అయితే ఆ అమ్మను పిలవాలన్నారు. అమ్మ లేదంటే, తాయారమ్మ అనే ముసలావిడ చీర కొంగు దోపుకుని లేచింది. "అత్త తరఫున నేను మాట్లాడత. పాపం, ఎవరు లేకుంటె ఆమె మీదనే అన్ని తోస్తరు" అంటూ అందుకుంది. ఎన్నడూ లేని అత్తకు ఆమె ఒక కథ అల్లింది. మోకాళ్ల నొప్పులు పెట్టింది. కోడలు చేసిన ఉప్పులేని కూర పెట్టింది. వింటున్న ఆడవాళ్లలో సగం మంది అత్త పక్షానికి తిరిగిపోయారు.

తర్వాత ఎద్దును పుచ్చుకుని బండి ఇచ్చినవాడు కావాలన్నారు. ఎవరూ దొరక్క సీతయ్యను కూర్చోబెట్టారు.

"దున్నే రోజుల్ల ఎద్దును తీస్కునుడు తప్పా గాదా?" అని పొజ్జా అడిగాడు.

"తప్పే, ఎందుకు గాదు?" అన్నాడు సీతయ్య.

"మల్ల తిరిగిస్తవా?"

"ఇస్త, ఎందుకియ్య?"

"నా ఎద్దును ఇచ్చెటందుకు నువ్వెవనివి?" అని బుధ్రా సీతయ్య మీదకు వచ్చాడు. అతన్ని పట్టుకోవడానికి మళ్లీ నలుగురు లేవాల్సి వచ్చింది.

ఫైసలా అయ్యేదాకా బండి ఊరి స్వాధీనంలో ఉండాలని తీర్మానించారు. తాళంచెవి పొజ్జా తలపాగాలోకి వెళ్లిపోయింది. నవీన్‌కుమార్ ఏడుపు మొహం పెట్టాడు. "అది మా బావ బండి తాతా! ఆయనకు తెలిస్తే నన్ను సంపుతడు."

"అట్లనా? అయితే మీ బావను గూడ పిలిపియ్యి. ఆయన మాట గూడ ఇందాం."

ఎలాగైనా త్వరగా తెమల్చాలని కృష్ణకుమారి ముందుకొచ్చింది. చేయకూడని తప్పు అప్పుడే చేసింది. "పిల్లది ఏ ఇంటిపేరు?" అని పొజ్జా అడిగితే, నాటకంలో ఇంటిపేరు లేదని చెప్పకుండా, నోటికొచ్చిన "సోడి" అనేసింది. "పిలగానిది?" అంటే "మడివి" అంది. ఇప్పలగూడెంలో సగం సోడివాళ్లు, సగం మడివివాళ్లు. క్షణంలో ఊరు రెండుగా చీలి, సగం మంది మీనాకు అన్నదమ్ములు, సగం మంది నవీన్‌కుమార్‌కు పాలివాళ్లు అయిపోయారు. అప్పటిదాకా న్యాయం చెబుతున్న పొజ్జా మెల్లగా లేచి, పొగాకు కట్ట ముందు నుంచి పక్కకు జరిగి కూర్చున్నాడు.

"ఏమైంది పెద్దయ్యా?"

"నేను సోడి పొజ్జాను గద. పిల్ల తరఫోన్ని అయిన. ఇగ నేను ఫైసలా చెప్పరాదు. రెండు దిక్కుల చుట్టరికం లేని మనిషి చెప్పాలె."

ఊళ్లో అలాంటి మనిషి లేడు. సీతయ్య ఉన్నాడంటే, అతను ఎద్దు కేసులో ముద్దాయి. కృష్ణకుమారి తాను చెబుతానంది. "తగువు తెచ్చినామెనే తీర్పు చెప్తదా?" అని తాయారమ్మ మూతి తిప్పింది.

కృష్ణకుమారి పికప్ పైకి ఎక్కి సిగ్నల్ వెతుక్కుంది. డెల్ఫిన్ గారు హైదరాబాద్ నుంచి భద్రాచలం మీదుగా కారులో ఇదే రోడ్డున జగదల్‌పూర్ వెళుతోంది. వెంట జగదల్‌పూర్ కార్యక్రమం నడిపే ఉమేష్ ఉన్నాడు. "ఉమేష్, మేము ఆలస్యమయ్యేట్టున్నాం. మీరు పోతూ ఉండండి" అంది కృష్ణకుమారి.

"మేము కోంటా దాటినం మేడమ్. మీరున్న దిక్కే వస్తున్నం. మీ నాటకం అయిపోయిందా?"

"నాటకం అయిపోయింది. మాటలే..." అంటుండగా సిగ్నల్ పోయింది.

ఆమెకు ఏడుపొచ్చింది. డెల్ఫిన్ గారికి తన పని చక్కని హాల్లో, లైట్ల వెలుగులో చూపించాలని రెండేళ్లుగా కలగన్నది. ఇప్పుడు ఆవిడ చూడబోయేది ఒక ఎద్దు, పొట్లాట, తాళంచెవి లేని బండి.

కారు వచ్చి ఆగింది. నెరిసిన జుట్టును సన్నని జడలుగా అల్లుకున్న పొడవాటి మనిషి, పసుపు గౌనులో దిగింది. ఎవరూ పిలవకుండానే వచ్చి వరుసలో చోటు చూసుకుని నేల మీద కూర్చుంది. తాయారమ్మ తన అత్తగారి వాదన మొదటి నుంచీ మళ్లీ ఎత్తుకుంది. కృష్ణకుమారి పక్కన కూర్చుని ఇంగ్లీషులో చెబుతోంది. అయితే ఆ ఇంగ్లీషు చెవిన పడకముందే డెల్ఫిన్ తలాడిస్తూ, "ఊఁ... ఊఁ" అంటోంది. తాయారమ్మ గొంతు పెంచితే ఆవిడా ఊఁ పెంచింది. తాయారమ్మ మోకాలు పట్టుకుంటే ఆవిడ అయ్యయ్యో అన్నట్టు నిట్టూర్చింది.

తాయారమ్మ మాట ఆపి, సంతోషంగా చుట్టూ చూసింది. "ఈమెకు ఊ కొట్టుడొస్తది! మా కృష్ణకుమారమ్మ ఇన్నిసార్లొచ్చింది గాని ఒక్కనాడు ఊ కొట్టనియ్యలే. మాట్లాడొద్దనె."

కృష్ణకుమారి ఆ ముక్క కూడా ఇంగ్లీషు చేసి చెప్పాల్సి వచ్చింది. డెల్ఫిన్ పెద్దగా నవ్వింది. "మా అమ్మమ్మ వెళ్లే చర్చిలో పాస్టరు మాట్లాడుతుంటే జనం ఊ కొట్టాల్సిందే. కొట్టకపోతే ఆయన ఆపేసి, నిద్రపోతున్నారా అని అడిగేవాడు. నాటకాన్ని మేము అక్కడే నేర్చుకున్నాం" అంది.

ఊరికి ఆ మాట నచ్చింది. పొజ్జా అడిగాడు. "అమ్మా, నీకు సోడోళ్లతోని, మడివోళ్లతోని చుట్టరికమేమన్న ఉన్నదా?"

లేదని ఆవిడ చెప్పింది. అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు. పొగాకు కట్టను జరిపి ఆవిడ ముందు పెట్టారు. కృష్ణకుమారి మనసులోనే దండం పెట్టుకుంది. ఆవిడ ఒక్క మాట చెబితే చాలు, ఇప్పుడు బయలుదేరినా సాయంత్రానికి జగదల్‌పూర్ అందుకోవచ్చు.

డెల్ఫిన్ లేచి నిలబడింది. ఎద్దును చూసింది. బండిని చూసింది. మొగుడిని, అత్తను, రెండు పక్షాలను చూసింది. ఆ తర్వాత వరుస వెనకాల, దారి మీద, నెత్తిన మూటతో నిలబడి ఉన్న మీనాను చూసింది. "ఆ అమ్మాయి ఎప్పటి నుంచి అలా నిలబడింది?" అని అడిగింది.

కదలకు అన్నది కృష్ణకుమారి. కదలవచ్చు అని చెప్పడం ఆమె మరిచిపోయింది. ఊరందరూ ఆ పిల్ల గురించే పోట్లాడుకుంటూ ఆ పిల్లను మరిచిపోయారు. డెల్ఫిన్ గబగబా నడిచి వెళ్లి, రెండు చేతులతో ఆ మూటను పట్టి కిందికి దించింది.

మీనా మెడ పట్టుకుని అక్కడే కూలబడింది. "ఎద్దునడిగిన్రు, బండినడిగిన్రు, లేని అత్తనడిగిన్రు. నన్నొక్కసారన్న అడిగిన్రా?" అంది. అది నాటకంలోని భార్య మాటో, అంగన్‌వాడీ మీనా మాటో ఎవరికీ తెలియలేదు. ఏ మాటైనా నిజమే కాబట్టి ఆడవాళ్లు తలలు దించుకున్నారు. కృష్ణకుమారికి సిగ్గేసింది. ఆ పిల్ల కాళ్లు పట్టుకోవాలన్నంత జాలి కూడా వేసింది. నీళ్లు తెచ్చి ఇచ్చి, "తప్పయింది మీనా" అంది.

"అడుగుతున్న బిడ్డా. ముందుకు పోతవా, మల్లొస్తవా?" అన్నాడు పొజ్జా.

"ముందు కూసుంట. తర్వాత చెప్త" అంది మీనా.

ఆమె కూర్చోవడం న్యాయమేనని అందరూ ఒప్పుకున్నారు. అప్పుడు తాయారమ్మ నెత్తి కొట్టుకుంది. "అయిపాయె! ఈయమ్మ మూట దించె!"

"దించితే ఏమైంది?" అంది కృష్ణకుమారి.

"ఇల్లిడిసిన ఆడపిల్ల మూట ఎవరు దించితె వాళ్లే పుట్టింటోళ్లు గద. ఈయమ్మ గూడ పిల్ల తరఫుకే పాయె. ఇగ ఫైసలా ఎవరు చెప్తరు?"

ఉమేష్ ఆ సంగతి డెల్ఫిన్‌కు వివరించాడు. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని, మీనా పక్కన కూర్చుని, "అయితే నాకు ఇక్కడ ఒక కూతురు ఉందన్నమాట" అంది. ఆ మాటను ఇంగ్లీషులోనే సోడివాళ్లు అర్థం చేసుకున్నారు. ఆవిడ వెంట వచ్చినవాడు కాబట్టి ఉమేష్ కూడా పిల్ల తరఫే అన్నారు. తీర్పు మాత్రం ఇంకా అందని కాయలా చెట్టు మీదే ఉంది.

సోడివాళ్లు, మడివివాళ్లు తలలు దగ్గర పెట్టి కాసేపు గుసగుసలాడారు. పొజ్జా వచ్చి చెప్పాడు. "ఊర్ల చెప్పెటోళ్లు లేకుంటె చుట్టాలు లేని ఊరికి తగువును తీస్కపోవుడు మా పద్ధతి. జగదల్‌పూర్ల మాకెవ్వరు చుట్టాలు లేరు. నువ్వెట్లాగు ఆడికే పోతున్నవ్. పద, మేము గూడ వస్తం."

"అందరూనా?"

"తగువు అందరిదాయె."

"అయితది మేడమ్, పడతరు" అన్నాడు సీతయ్య.

పికప్‌లో పట్టినవాళ్లు పికప్‌లో, కారులో పట్టినవాళ్లు కారులో, మిగిలినవాళ్లు రోడ్డు మీద దొరికిన బస్సులో ఎక్కారు. తాయారమ్మ కారులో ముందు సీట్లో కూర్చుని, దారిపొడవునా అత్తల కష్టాలు చెప్పింది. డెల్ఫిన్ వెనక నుంచి ఊ కొట్టింది. బుధ్రా మాత్రం రాలేదు. తన ఎద్దుకు టౌను పడదన్నాడు. బండి చింతచెట్టు కిందే ఉండిపోయింది. నవీన్‌కుమార్ దాని వంక తిరిగి తిరిగి చూస్తూ పికప్ ఎక్కాడు.

జగదల్‌పూర్ హాలు చల్లగా ఉంది. కుర్చీలు నేలకు బిగించి ఉన్నాయి. గుండ్రంగా కూర్చోబెట్టడం కుదరదు. కాలేజీ లెక్చరర్లు, ఉద్యోగులు, చదువుకునే పిల్లలు వచ్చి కూర్చున్నారు. తెలుగు రానివాళ్ల కోసం ఉమేష్ మధ్యమధ్య హిందీలో చెప్పాడు. ఇప్పలగూడెం వాళ్లు ముందు వరుసల్లో పెదవులు బిగించుకుని కూర్చున్నారు. వాళ్లు కక్షిదారులు. ఫైసలా చెప్పేవాళ్ల ముందు కక్షిదారులు నోరు తెరవకూడదు. పుట్టింటి తరఫు కాబట్టి డెల్ఫిన్‌ను కూడా పొజ్జా తన పక్కనే కూర్చోబెట్టుకుని, గట్టిగా ఊ కొట్టవద్దని సైగ చేశాడు.

బండి లేకపోయినా నాటకం బాగా వచ్చింది. మీనా ఈసారి మూటలో గడ్డి పెట్టుకుంది. దారి మధ్యలో ఆగింది. కృష్ణకుమారి ముందుకొచ్చింది. పొద్దున్నుంచి మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయింది. అయినా ఆమెకు మనసులో భయం లేదు. మాట్లాడించే కిటుకు ఇప్పుడామె చేతిలో ఉంది. "ఈ తగువు మీ ముందే ఉంది. ఇప్పుడేం చేయాలో మీరే చెప్పండి" అంది.

ఉమేష్ హిందీలో మళ్లీ అడిగాడు. ఎవరో దగ్గారు. లెక్చరర్లు మర్యాదగా ఆమె వంక చూశారు. కృష్ణకుమారి ఇంకోసారి అడిగింది. చాలాసేపటికి వెనక వరుసలో ఒక కుర్రాడు చెయ్యి ఎత్తాడు. ఆమె ప్రాణం లేచొచ్చింది.

"మేడమ్, వచ్చినందుకు సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారు?" అన్నాడు.

జనం మర్యాదగా చప్పట్లు కొట్టి, మర్యాదగా లేచి వెళ్లిపోయారు. కృష్ణకుమారి వేదిక మెట్ల మీద కూలబడింది. ఫైసలా కోసం అంత దూరం వచ్చిన ఇప్పలగూడెం వాళ్లు ఖాళీ కుర్చీల వంక జాలిగా చూశారు. పొజ్జా వచ్చి, తలపాగాలోంచి బండి తాళంచెవి తీసి, అది ఇంకా భద్రంగానే ఉందని చూసుకుని మళ్లీ దోపుకున్నాడు. తర్వాత ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"బాధపడకు బిడ్డా. పాపం, ఈళ్లకు ఇంకా మాట్లాడుడు రాలె. ఇడిసిపెట్టకుంట వచ్చి ఆడుకుంట ఉండు. మాక్కూడ రెండేండ్లు పట్టింది."